ఛాయాచిత్రానికి వెనుక వైపు

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు జిల్లా ఫొటోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగం పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ పూట స్టూడియోలు మూసుకుని వచ్చిన తోటి ఫొటోగ్రాఫర్లకు, కెమెరా పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

ఆగస్టు 19ని మనం ఎందుకు పండుగగా జరుపుకుంటున్నామో మీలో చాలామందికి తెలుసు. 1839లో ఇదే తేదీన పారిస్‌లో సైన్సు అకాడమీ, లలిత కళల అకాడమీ కలిసి కూర్చున్న సభలో లూయీ డాగేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని అరాగో అనే శాస్త్రవేత్త అందరి ముందూ వివరించాడు. ఫ్రాన్సు ప్రభుత్వం డాగేర్‌కు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, ఆయన కంటే ముందే కెమెరాతో బొమ్మను నిలబెట్టగలిగిన నియెప్స్ కుమారుడికి 4,000 ఫ్రాంకులు పింఛనుగా ఇచ్చి ఆ విద్యను లోకానికి విడుదల చేసింది. అందువల్లనే ఏటా ఈ రోజున డాగేర్ పేరు వేదికల మీద వినబడుతుంది. నేను మాత్రం ఆనాడు గౌరవం దక్కని మరొక మనిషితో ప్రారంభిస్తాను.

ఆయన పేరు ఇపొలిత్ బయార్. ఫ్రాన్సు ఆర్థిక మంత్రిత్వ శాఖలో చిన్న ఉద్యోగి. నెగెటివ్ (వెలుగునీడలు తారుమారుగా పడే మాతృక) అవసరం లేకుండా కాగితం మీద నేరుగా బొమ్మ వచ్చే పద్ధతిని సొంతంగా సాధించి, 1839 జూన్‌లోనే, అంటే డాగేర్ పద్ధతి వెల్లడి కావడానికి ముందే, తన చిత్రాలను పారిస్‌లో ప్రదర్శనకు పెట్టాడు. డాగేర్ పక్షం వహించిన అరాగో ఆయనను కొంతకాలం ఆగమని ఒప్పించాడు. ఆగినందుకు బయార్‌కు గుర్తింపు చేజారిపోయింది. 1840 అక్టోబరులో బయార్ తనను తానే ఒక చిత్రం తీసుకున్నాడు. ఒంటి పైభాగాన బట్ట లేదు, తల ఒక పక్కకు ఒరిగింది, కళ్లు మూసి ఉన్నాయి, దగ్గరలో గడ్డితో అల్లిన పెద్ద టోపీ ఒకటి ఉంది. చిత్రం వెనుక ఆయన ఏమి రాశాడంటే, ఇది బయార్ శవమనీ, డాగేర్‌కు అంత ఇచ్చిన ప్రభుత్వం బయార్‌కు చేయగలిగిందేమీ లేదని చెప్పడంతో ఆ దురదృష్టవంతుడు నీళ్లలో మునిగి చనిపోయాడనీ రాశాడు. నిజానికి ఆయన 1887 వరకు బతికే ఉన్నాడు.

ఈ చిత్రాన్ని కల్పనతో తీసిన తొలి ఛాయాచిత్రాలలో ఒకటిగా చరిత్రకారులు చెబుతారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది వేరొకటి ఉంది. ముందు వైపు మాత్రమే చూస్తే అది అలసిపోయి నిద్రలోకి జారిన మనిషి బొమ్మ. ఎక్స్‌పోజరుకు, అంటే బొమ్మ పడేలా వెలుతురు తగలనివ్వడానికి, నిమిషాల కొద్దీ పట్టే ఆ కాలంలో కనురెప్పల కదలిక పడకుండా కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి అనుకున్నా తప్పు లేదు. ఆ మనిషిని శవంగా మార్చింది, ఆ బొమ్మను ఒక నిరసనగా మార్చింది వెనుక వైపు రాసిన నాలుగు వాక్యాలు. ఫొటోగ్రఫీ పుట్టిన ఏడాదికే, బొమ్మకు అర్థం ఇచ్చే శక్తి సగం దాని వెనుక రాసిన మాటకు ఉందని బయార్ తెలుసుకున్నాడు.

ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. షట్టర్ నొక్కినప్పుడు ఫొటోగ్రాఫర్ పని సగమే పూర్తవుతుంది. ఇందులో ఉన్నది ఎవరు, ఇది ఎక్కడ, ఎప్పుడు, తీసినది ఎవరు అన్న నాలుగు సంగతులు రాసిపెట్టి, ఆ రాత బొమ్మను విడిచిపోకుండా చూసినప్పుడు మిగతా సగం పూర్తవుతుంది. వెలుతురు గురించి, లెన్సుల గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఈ రెండో సగం గురించి మన సభల్లో మాటే రాదు. దాన్ని పట్టించుకున్నవారి జీవితాలు, అది లోపించినందువల్ల కలిగిన నష్టాలు కొన్ని మీ ముందు ఉంచుతాను.

మన ప్రాంతంతో గాఢమైన సంబంధం ఉన్న లాలా దీన్‌దయాళ్‌తో మొదలుపెడదాం. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో అంచనాలు వేసే, ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరారు. ఫొటోగ్రఫీ ఆయనకు ఆ ఉద్యోగంలో ఉండగానే అబ్బింది. మధ్య భారతంలోని కట్టడాలను, సంస్థానాధీశులను ఆంగ్లేయ అధికారుల ప్రోత్సాహంతో చిత్రించి పేరు సంపాదించాక ఉద్యోగం వదిలిపెట్టి, 1880ల నడుమ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. సికిందరాబాద్‌లో ఆయన స్టూడియో వెలసింది. 1896లో బొంబాయిలో మరొకటి తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి అధికారిక గుర్తింపు అందింది. నిజాం ఆయనకు రాజా బిరుదు, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చి, ఉస్తాదులకే ఉస్తాదు అని ఉర్దూ పద్యంలో మెచ్చుకున్నారు. 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు.

ఈ ఘనతంతా మీరు విన్నదే కావచ్చు. నేను చూడమనేది ఆయన ప్రింట్ల కింది అంచును. చాలా వాటి మీద తెల్లటి అక్షరాలతో ఒక సంఖ్య, ఆ చోటి పేరు, దీన్‌దయాళ్ అన్న పేరు కనిపిస్తాయి. ఆ అక్షరాలు ప్రింటు మీద రాసినవి కావు, నెగెటివ్ మీదనే రాసినవి. గాజు పలక మీద సిరాతో రాస్తే, సిరా ఉన్న చోట వెలుతురు దూరదు కాబట్టి, కింద ఉన్న కాగితం అక్కడ నల్లబడక తెల్లగా మిగిలిపోతుంది. పలకపై మందు (వెలుతురుకు మారే రసాయనం) పూసిన వైపు రాయాలంటే అక్షరాలన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. ఎంత నేర్పు, ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. అయితే ఒకసారి ఇలా రాస్తే ఆ పలక నుంచి వెయ్యి ప్రింట్లు తీసినా వెయ్యింటి మీదా ఆ సంఖ్య, ఆ పేరు ఉంటాయి. కాగితం ఏ చేతికి పోయినా, ఏ దేశానికి పోయినా రాత వెంట పోతుంది.

ఈ అలవాటు ఆయనకు ప్లాన్లు గీసిన ఉద్యోగం నుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం. సర్కారు కొలువులో ఏ ప్లాను గీసినా దానికి నంబరు, చోటు, తేదీ, గీసినవాడి సంతకం ఉండి తీరాలి. అవి లేని ప్లాను ఎంత అందంగా ఉన్నా దాన్ని పట్టుకుని గోడ కట్టలేరు. ఛాయాచిత్రాన్ని కూడా అటువంటి ఆధార పత్రంగా చూడగలిగిన మనిషికే పలక మీద తిరగేసి రాసే ఓపిక వస్తుంది. పైగా అది ఎటువంటి కాలం! మొదట్లో తడి పలకల పద్ధతిలో, గాజుకు మందు పూసి, వెండి ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫొటో తీసి, అక్కడికక్కడే గుడారంలో కడగవలసి వచ్చేది. తరువాత పొడి పలకలు వచ్చాక ఆ తొందర తగ్గింది గాని బరువు తగ్గలేదు. పెద్ద పెద్ద గాజు పలకలను పెట్టెల్లో సర్ది, ఎడ్లబండ్ల మీద, రైళ్లలో తిప్పుతూ, ఏది ఏదో తెలియకుండా కలిసిపోకుండా కాపాడడం సామాన్యమైన పని కాదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 సేకరించింది. ఆయన కాలంలోనే మన దేశంలో పనిచేసిన మరెందరో ఫొటోగ్రాఫర్ల పలకలు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేని చోట, ఈయన పని మాత్రం ఒక నిధిగా లెక్కకు అందడానికి ఆ సంఖ్యలే ఆధారం.

దీన్‌దయాళ్ జీవితంలోనే దీనికి ఎదురుగా కనిపించే సంగతి ఒకటి ఉంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటు చేసి, దాన్ని శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ చేతికి అప్పగించారు. మగవారి కంట పడని చోట, మగవారి చేయి తగలకుండా ఆ స్త్రీలు ఫొటో దిగేవారు. అక్కడ ఎవరి పేరు బయట పెట్టాలి, ఎవరి పేరు దాచాలి అన్నది ఫొటో దిగిన స్త్రీ, ఆమె ఇంటివారు నిర్ణయించుకునే విషయం. దీని నుంచి మనం గ్రహించవలసినది ఉంది. పేరు తెలిసి, ఆ మనిషి కోరిక మీద దాన్ని గోప్యంగా ఉంచడం ఒక మర్యాద. పేరు అడగాలన్న ఆలోచనే రాకపోవడం ఆ మనిషిని లెక్క చేయకపోవడం. ఫలితంగా రెండు బొమ్మలూ పేరు లేకుండానే కనిపించవచ్చు గాని, తీసిన వారి మనసులో రెండింటికీ ఎంతో దూరం ఉంది.

ఇక మన ఊళ్ల స్టూడియోల సంగతికి వస్తాను. కలర్ ల్యాబులు రాకముందు డార్క్‌రూమ్‌లో పని నేర్చుకున్నవారు ఈ సభలో ఇంకా కొందరు ఉన్నారు. వారికి ఇది నేను చెప్పనక్కర లేదు, కాని పిల్లలు వినాలి. ప్రతి స్టూడియోలోనూ ఒక పొడవాటి రిజిస్టరు ఉండేది. ఎవరైనా వచ్చి ఫొటో దిగితే వరుస నంబరు, తేదీ, పేరు, ఊరు, సైజు, ఎన్ని కాపీలు, ఎంత అడ్వాన్సు అన్నవి ఒక గీతలో రాసేవారు. అదే నంబరు నెగెటివ్ పెట్టిన కాగితపు కవరు మీద పడేది. రసీదు మీదా అదే నంబరు. మొహం మీది మచ్చలను, ముడతలను నెగెటివ్ మీదనే సన్నటి పెన్సిలుతో సరిదిద్దే రీటచింగ్ పనివాడు కూడా ఆ నంబరునే చూసుకునేవాడు. పాత కవర్లన్నీ ఏడాది వారీగా పెట్టెల్లో సర్దుకుని కూర్చునేవి.

ఆ రిజిస్టరు విలువ ఎప్పుడు తెలిసేదంటే, ఏదో ఒక ఇంట చావు జరిగినప్పుడు తెలిసేది. కర్మకాండ నాటికి పటం కట్టించాలని కొడుకులు స్టూడియో గుమ్మంలోకి వచ్చేవారు. ఆ పెద్దాయన జన్మలో విడిగా ఒక్క ఫొటో కూడా దిగి ఉండడు. పదిహేనేళ్ల కిందట తమ్ముడి కూతురి పెళ్లిలో గ్రూపు ఫొటోలో రెండో వరుసలో నిలబడి ఉంటాడు, అంతే. ఏ సంవత్సరం, ఏ నెల, ఎవరి పెళ్లి అని అడిగి, రిజిస్టరు తిప్పి, నంబరు పట్టుకుని, కవరు వెదికి తీసి, ఆ చిన్న ముఖాన్ని ఎన్‌లార్జరు కింద పెద్దది చేసి, మెడ దగ్గర పక్కవాడి భుజాన్ని చెరిపేసి, రాత్రికి రాత్రి పటం తయారు చేసి ఇచ్చేవారు. దండ వేసిన ఆ పటాలు మన తెలుగు ఇళ్లలో వేలకు వేలు ఈనాటికీ గోడల మీద ఉన్నాయి. వాటిని నిలబెట్టింది మంచి లెన్సూ, మంచి కాగితమూ ఎంతో, రిజిస్టరులో రాసిన ఒక్క గీతా అంతే. అటువంటి పటాన్ని చేతికి అందుకుని కళ్లు తుడుచుకున్న మనుషులను మీరూ చూశారు, నేనూ చూశాను. ఫొటోగ్రాఫర్ బతుకులో దానికి మించిన గౌరవం నాకు తెలియదు.

అటువంటి రిజిస్టర్లు, ఆ పెట్టెలు ఏమయ్యాయి? స్టూడియో మూతబడినప్పుడు రిజిస్టరు పాత కాగితాల కొట్టుకు పోయింది. గాజు పలకలను వేడి నీళ్లలో కడిగి పటాలకు అద్దాలుగా వాడుకున్నవారు ఉన్నారు. ఫిల్ములో ఉన్న వెండి కోసం నెగెటివ్‌లను కిలోల లెక్కన కొనుక్కుపోయినవారు ఉన్నారు. వాటిని అమ్ముకున్న కుటుంబాలను నేను తప్పుపట్టను. కలర్ ల్యాబులు, ఆ తరువాత డిజిటల్ కెమెరాలు, ఆ తరువాత సెల్‌ఫోన్లు వచ్చి వారి పొట్ట కొట్టినప్పుడు అటకమీది పెట్టెల గురించి ఆలోచించే తీరిక వారికి లేదు. కాని ఒక ఊరి మనుషులందరి ముఖాలూ ముప్పై నలభై ఏళ్ల పాటు వరుసగా నంబర్లతో, పేర్లతో నమోదైన చోటు ఆ ఊళ్లో మరొకటి లేదన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి. పంచాయతీ ఆఫీసులో పేర్లు ఉంటాయి, ముఖాలు ఉండవు.

ఇంతసేపూ ఫొటోలో ఉన్నవారి పేర్ల గురించి మాట్లాడాను. తీసినవారి పేరు సంగతి చూద్దాం. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవాలా 1913లో నవ్‌సారీలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగే నాటక సంస్థలో నటుడు. బొంబాయిలో జె.జె. కళాశాలలో చదువుకున్నారు. ఆ తరువాత భర్త అయిన మానెక్‌షా వద్దనే కెమెరా నేర్చుకున్నారు. తొలి రోజుల్లో ఆమె తీసిన ఫొటోలు పత్రికల్లో ఆయన పేరు మీదనే అచ్చయ్యాయి. ఒక ఆడపిల్ల తీసిన ఫొటో అంటే ఎవరు పట్టించుకుంటారన్న కాలం అది. తరువాత ఆమె డాల్డా 13 అన్న మారుపేరు పెట్టుకున్నారు. పుట్టింది 1913, కాబోయే భర్తను కలిసింది 13వ ఏట, కారు నంబరు డి.ఎల్.డి. 13. ఆ మారుపేరు అలా వచ్చింది.

1942లో ఢిల్లీ చేరి, చీర కట్టుకుని, బరువైన కెమెరా సామాను వేసుకుని సైకిలు మీద తిరుగుతూ ఆమె తీసిన ఫొటోలే మన స్వాతంత్ర్యపు తొలి జ్ఞాపకాలు. దేశ విభజన ప్రణాళిక మీద కాంగ్రెస్ నాయకులు చేతులెత్తి ఓటు వేసిన సమావేశం, 1947 ఆగస్టు 16న ఎర్రకోట మీద ఎగిరిన జెండా, పావురాన్ని వదులుతున్న నెహ్రూ, మౌంట్‌బాటెన్ వీడ్కోలు, అన్నీ ఆమె కెమెరాలో ఉన్నాయి. 1948 జనవరి 30న బిర్లా హౌస్‌కు బయలుదేరిన ఆమె, భర్త వెనక్కి పిలవడంతో ఆగిపోయారు. గాంధీజీ హత్య జరిగిన ఆ సాయంత్రం అక్కడ లేకపోయినందుకు చివరి దాకా బాధపడ్డారు. విమానాశ్రయంలో, ఫొటోలు తీయడం నిషిద్ధం అన్న బోర్డు పక్కనే నిలబడిన నెహ్రూను ఆమె తీసిన ఫొటో ఒకటి ఉంది. అచ్చు అక్షరాలను ఫ్రేములోకి తెచ్చుకుని బొమ్మ చేత మాట్లాడించడంలో ఎంత పదునైన కన్నో దాన్ని చూస్తే తెలుస్తుంది.

భర్త పోయాక 1970లో ఆమె ఫొటోగ్రఫీ మానేశారు. పత్రికా ఫొటోగ్రాఫర్ల ప్రవర్తనలో పాత మర్యాద పోయిందని ఆమెకు అనిపించింది. 1989లో కొడుకు కూడా పోయాక చివరి దాకా వడోదరలో ఒంటరిగా, ఇంటి పనులన్నీ తానే చేసుకుంటూ బతికారు. ఆమె ఫొటోలు మాత్రం పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, ప్రభుత్వ ప్రచురణల్లో తిరుగుతూనే ఉన్నాయి. మనలో ఎంతమందిమి చిన్నప్పుడు వాటిని చూశామో లెక్కలేదు, తీసింది ఒక స్త్రీ అని చెప్పినవారు లేరు. సబీనా గడిహోక్ అనే పరిశోధకురాలు ఆమెతో కూర్చుని, ఒక్కొక్క ఫొటో కథా అడిగి, 2006లో పుస్తకంగా వెలువరించిన తరువాతనే దేశం ఆమెను మళ్లీ గుర్తు పట్టింది. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో 98వ ఏట ఆమె వెళ్లిపోయారు. ఆమె దీర్ఘాయుష్మంతురాలు కావడం, జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉండడం మన అదృష్టం. అరవయ్యో ఏటనే పోయి ఉంటే ఆ ఫొటోలన్నీ ఎవరో తీసినవిగానే మిగిలిపోయేవి. ఒక దేశపు చరిత్రను ఒక మనిషి ఆయుష్షు మీద ఆధారపడనివ్వడం న్యాయమేనా?

తీసినవారి పేరు పోతే కలిగే నష్టం ఇది. ఫొటోలో ఉన్నవారి పేరు పోతే కలిగే నష్టం ఇంకా లోతైనది. అమెరికాలో డొరొథియా లాంగ్ 1936 మార్చిలో తీసిన వలస తల్లి ఫొటో మీలో చూడనివారు ఉండరు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో కాలిఫోర్నియాలో నిపోమో అనే చోట, బటానీ కోతకు వచ్చి పంట మంచుకు పాడవడంతో చిక్కుకుపోయిన కూలీల గుడారాల దగ్గర తీసిన ఫొటో అది. గడ్డం కింద చేయి పెట్టుకుని దూరంగా చూస్తున్న తల్లి, రెండు పక్కలా ముఖాలు తిప్పుకున్న పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. ప్రభుత్వ రికార్డులో ఆ ఫొటో కింద రాసినది ఇంతే: నిరుపేద బటానీ కూలీ, ఏడుగురు పిల్లల తల్లి, వయసు ముప్పై రెండు.

ఆమె పేరు అడగలేదనీ, ఆమె గతం అడగలేదనీ లాంగ్ 1960లో స్వయంగా రాసింది. ఇక్కడ ఆమెకు న్యాయం చేస్తూ ఒక మాట చెప్పాలి. లాంగ్ నోట్సు రాయని ఫొటోగ్రాఫర్ కాదు. కూలీలు తనతో అన్న మాటలను వారి యాసలోనే రాసుకుని, ఫొటోలకు దీర్ఘమైన వివరణలు జత చేసిన అరుదైన మనిషి ఆమె. ఆర్థికవేత్త అయిన భర్త పాల్ టేలర్‌తో కలిసి ఆ పద్ధతిని ఒక శాస్త్రంలా సాధన చేసింది. అంతటి మనిషి, ఎన్నో రోజుల ప్రయాణం ముగించుకుని ఇంటికి తిరిగి వెళుతూ, అలసటలో, కొద్ది నిమిషాల్లో తీసుకున్న ఆ ఫొటోలకు మాత్రం పేరు రాసుకోలేదు. లోకమంతా చూసినది ఆ ఒక్క ఫొటోనే.

నలభై రెండేళ్ల తరువాత, 1978లో, ఆ తల్లి ఎవరో స్థానిక పత్రిక ద్వారా బయటపడింది. పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరొకీ తెగకు చెందిన స్త్రీ. తెల్లజాతి రైతు తల్లికి ప్రతీకగా అమెరికా దశాబ్దాల పాటు తలచుకున్న ముఖం, ఆ నేల మూలవాసులలో ఒకరిది. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని లాంగ్ రాసిన దాన్ని ఆమె కొడుకు ఖండించాడు. అమ్ముకోవడానికి తమ దగ్గర వేరే టైర్లే లేవన్నాడు. ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదనీ, దాని వల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ థాంప్సన్ విలేకరులతో చెప్పింది. 1983లో ఆమె జబ్బుపడినప్పుడు, పిల్లలు వైద్యానికి సాయం కోరితే దాదాపు 35,000 డాలర్లు చందాలుగా వచ్చాయి. పేరు తెలిసిన తరువాతనే ప్రజలు ఆ ఫొటోలోని మనిషికి ఏమైనా చేయగలిగారు. అంతకు ముందు వారు చేయగలిగినదల్లా చూసి జాలిపడడం ఒక్కటే.

1984లో పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలికకు కూడా ఇదే జరిగింది. 1985లో ఒక ప్రపంచ ప్రసిద్ధ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆ ముఖం కోట్ల మందికి తెలుసు. ఆమె పేరు షర్బత్ గులా అని తెలియడానికి 2002 దాకా పట్టింది.

అదే 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన తరువాత, మట్టిలో పూడ్చిపెడుతున్న పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఇద్దరూ చిత్రించారు. ఆ బిడ్డ ఎవరో ఈనాటికీ తెలియదు. ఆ రోజు ఆ శ్మశానంలో అడగడానికి మనిషి లేడు, చెప్పడానికి తల్లిదండ్రులు ముందుకు రాలేదు. అందువల్ల ఆ ఫొటో కింద గుర్తు తెలియని బిడ్డ అని రాయడమే నిజం రాయడం. తెలియనిదాన్ని తెలియదని రాసిపెట్టడం కూడా మన పనిలో భాగమే. గులా విషయంలో అడిగితే తెలిసేది, భోపాల్ బిడ్డ విషయంలో అడిగినా తెలిసేది కాదు. ఈ తేడాను మనసులో పెట్టుకుని మీ సొంత ఫొటోలను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోమని అడుగుతున్నాను. పోటీలకు పంపిన ఫొటోల్లోని ముడతల ముఖపు అవ్వలు, గొర్రెల కాపరులు, తలపాగా చుట్టుకున్న రైతులు, జాతరలో పోతరాజు వేషం కట్టినవారు, వీరిలో ఎంతమంది పేర్లు మన దగ్గర ఉన్నాయి? బహుమతి పత్రం మీద మన పేరు ఉంటుంది, ఫొటో పేరు దగ్గర "వృద్ధాప్యం", "శ్రమ" అని ఉంటుంది. ఆ అవ్వకు ఒక పేరు ఉంది, ఒక ఊరు ఉంది. అడిగితే సంతోషంగా చెబుతుంది. ఇంకా కూర్చోమంటుంది కూడా.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మన 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో ఫొటోకు కూడా, కథలకూ పాటలకూ ఉన్నట్టే, తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు రక్షణ లభిస్తున్నది. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. పెళ్లి ఫొటోలు తీసే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. అయితే హక్కు మరొకరికి దఖలు పడినా ఈ కృతి నాది అని చెప్పుకునే హక్కు తీసినవారికి అదే చట్టంలోని 57వ సెక్షను కింద మిగిలే ఉంటుంది. ఎవరు తీశారో రాసి లేకపోతే ఈ హక్కులన్నీ పుస్తకానికే పరిమితం.

డిజిటల్ వచ్చాక ఈ బెంగ అక్కర లేదని యువకులు అంటారు. ఫైలులోనే తేదీ, సమయం, కెమెరా, లెన్సు, ఒక్కోసారి చోటు కూడా నమోదవుతుంది కదా అంటారు. నిజమే. కాని ఆ యంత్రం ఎదుటి మనిషి పేరు అడగలేదు. పైగా ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపగానే సైజు తగ్గడమే కాక, లోపలి వివరాలన్నీ రాలిపోతాయి. అందుకున్నవారు ఇంకొకరికి, వారు మరొకరికి పంపుతారు. వారం తిరిగేసరికి అది ఏ ఊరో, ఏ ఏడో తెలియని బొమ్మ అవుతుంది. ఎక్కడో ఎప్పుడో తీసిన ప్రమాదపు ఫొటోను నిన్న మన పక్క ఊళ్లో జరిగినట్టు చెప్పి జనాన్ని రెచ్చగొట్టడం మనం ఎన్నిసార్లు చూడలేదు? బయార్ తన బొమ్మ వెనుక తానే రాసుకున్నాడు. మనం రాయకుండా వదిలేసిన ఖాళీలో ఇప్పుడు ఎవరికి తోచింది వారు రాస్తున్నారు. కంప్యూటరులో ఫొటోలు సర్దే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వివరణ రాసుకునే గడి ఒకటి ఉంటుంది, అందులో తెలుగులోనే రాయవచ్చు. పంపవలసి వస్తే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, వివరాలు నిలుస్తాయి.

ఇక పాత సరుకు సంగతి. మీ ఇంట్లో గాని, మూతబడిన స్టూడియోలో గాని గాజు పలకలు ఉంటే వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, కిందివి బరువుకు పగులుతాయి. పుస్తకాల్లా నిలువుగా, ఒక్కొక్కటి విడి కాగితపు కవరులో ఉంచండి. కవరు మీద రాయవలసినది పలక లోపల పెట్టకముందే రాయండి. పాత ఫిల్ము పెట్టె తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొడితే ఆ ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి, ముందుగా వాటినే స్కాన్ చేయించండి. బీరువాలో ప్లాస్టిక్ సంచుల్లో బిగించి పెట్టవద్దు, మన ఉక్కపోతకు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రింటు వెనుక బాల్‌పెన్నుతో రాస్తే ముందు వైపుకు గీతలు ఉబ్బుతాయి, మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర తేలిగ్గా రాయండి.

అన్నిటికంటే తొందరపడవలసినది మనుషుల విషయంలో. గ్రూపు ఫొటో ఉంటుంది, అందులో ఇరవై మంది ఉంటారు, గుర్తు పట్టగలిగిన పెద్దమ్మ ఒక్కరే మిగిలి ఉంటుంది. ఆ ఫొటోను పెద్దదిగా ప్రింటు తీసి ఆమె ముందు పెట్టి, ఎడమ నుంచి కుడికి వరుసగా అడగండి. ఇంటిపేర్లు, ఊరు, ఎవరి పెళ్లి, ఆమె చెప్పినంతా ఆ రోజే రాయండి. గుర్తు రాని ముఖం దగ్గర ఖాళీ వదలండి, ఊహించి నింపవద్దు. ఫొటో తీసినవారు ఎవరో తెలుసా అని తప్పక అడగండి. చాలాసార్లు స్టూడియో పేరు అట్ట కింది మూలన ఒత్తిన అచ్చులో ఉంటుంది, ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే కనిపిస్తుంది.

మన సంఘానికి ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. జిల్లాలో మూతబడిన స్టూడియోలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి నెగెటివ్‌లు, రిజిస్టర్లు ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నాయో మండలాల వారీగా ఒక పట్టిక తయారు చేద్దాం. సంఘ భవనంలో మేడ మీది గది ఖాళీగానే ఉంది. చెమ్మ తగలకుండా, ఎండ పడకుండా బల్లలు వేయించి, వచ్చిన ప్రతి పెట్టెకూ నంబరు, ఇచ్చినవారి పేరు, తీసిన ఫొటోగ్రాఫర్ పేరు రాసే రిజిస్టరు ఒకటి తెరుద్దాం. సొంతదారులు ఎప్పుడు కావాలన్నా తిరిగి తీసుకునేటట్టు రసీదు కూడా ఇద్దాం. స్కానింగ్ నేర్చుకోవాలనుకునే విద్యార్థులు నెలకు రెండు ఆదివారాలు వస్తే పని నేర్పే బాధ్యత నాది. మీ మండలంలో అటువంటి పెట్టెలు ఎక్కడున్నాయో తెలిసినవారు ఈ రోజు భోజనాలకు లేవకముందే కార్యదర్శి గారి దగ్గర పేరు, ఊరు, ఫోను నంబరు రాయించండి. సెలవు.